చిన్నాయన తల వెనక

మా ముత్తాత భుజంగరావు ముప్పై రెండు ఊళ్ళకు దేశ్‌ముఖ్. కృష్ణ ఒడ్డు నుంచి మక్తల్ దాకా శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు పోయేది. మా తాత కిషన్‌రావు కాలంలో గడి ముందు నుంచి పోయేవాడెవడూ కాళ్ళకు చెప్పులు ఉంచుకోలేదు. గొడుగు ఉన్నవాడు దాన్ని మూసి చంకలో పెట్టుకొని పోయేవాడు, వాన పడుతున్నా సరే. మా తండ్రి అనంతరావు పెద్దవాడయ్యేసరికి దేశ్‌ముఖీ రద్దయింది. గడిలో పడమటి భాగం కూలింది. కూలిన భాగం వైపు వీపు పెట్టి నిటారుగా కూర్చోవడం మాత్రం బాపు మానలేదు. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. చిన్నాయన గురించి రాయాలంటే, ఆయన ఎటువంటి ఇంట్లో బట్టతలతో బతికాడో ముందు చెప్పాలి.

చిన్నాయన అంటే మా బాపుకు ఒక్కగానొక్క తమ్ముడు. పోయి నెల దాటింది. ఆయన పేరు రాయను. ఊళ్ళో వాళ్ళకు రాయనక్కర్లేదు, బయటివాళ్ళకు తెలియనక్కర్లేదు.

మనిషి అందగాడు. ఆరడుగుల ఎత్తు, మా తాత ముక్కు, మా తాత నడక. ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి నుదుటి మీది జుట్టు వెనక్కు పోవడం మొదలైంది. ముప్పై దాటేసరికి నడినెత్తి వరకు నున్నగా అయిపోయి, చెవుల మీదా వెనకా మాత్రం గుర్రపు మెడ మీద ఉన్నంత ఒత్తుగా మిగిలింది. రోజూ పొద్దున లేవగానే కిటికీ దగ్గర నిలబడి కనుబొమ్మల నుంచి పైకి వేళ్ళు పెట్టి కొలుచుకునేవాడు. నాలుగు వేళ్ళు, అయిదు వేళ్ళు, తర్వాత రెండు చేతులు. జేబులో ఎప్పుడూ దంతపు దువ్వెన ఉండేది. దువ్వుకోవడానికి ఏమీ లేకపోయినా, ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు దాన్ని తీసి పళ్ళ మీద బొటనవేలు గోరుతో గీస్తూ ఉండేవాడు. ఆ చప్పుడు వినబడితే చిన్నాయన వస్తున్నాడని పనివాళ్ళు లేచి నిలబడేవారు.

ఆయన నెత్తికి రాయనిది లేదు. గుంటగలగర నూనె, ఉల్లిగడ్డ రసం, గురివింద గింజలు అరగదీసిన ముద్ద. గురివింద ముద్ద పెట్టినప్పుడు నెత్తంతా బొబ్బలెక్కి పది రోజులు చీకటి గదిలో ఉన్నాడు. ఎవరైనా నవ్వినట్టు అనుమానం వస్తే ఒకటే మాట: "జర ఆగుండ్రి, చూస్తరు." ఏం చూస్తామో ఆయనకూ తెలియదు.

మా ఇంటి మంగలి సాయిలు ఒకసారి కత్తెర చేతబట్టుకొని, "చిన్న దొరా, నెత్తంత కోయాల్నా, ఉన్నకాడ్కేనా?" అని అడిగాడు. వాడు నిజంగానే అడిగాడో, పరాచికానికి అడిగాడో నాకు తెలియదు. చిన్నాయన కాలి చెప్పు తీసి వాడి చెంప మీద కొట్టాడు. ఆ తర్వాత సాయిలు మా ఇంట్లో నోరు తెరవకుండా పని చేసుకొని పోయేవాడు.

తలకు చుట్టిన రుమాలు లేకుండా చిన్నాయనను బయటివాళ్ళు చూడలేదు. ఆత్మకూరు దిక్కున ఒక సంబంధం చూడటానికి పోయినప్పుడు నేనూ వెంట ఉన్నాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పిల్ల నచ్చింది. పిల్లవాళ్ళకు ఈయన నచ్చాడు. భోజనాలకు లేచాం. మా దిక్కు మగవాళ్ళు విస్తరి ముందు కూర్చున్నప్పుడు రుమాలు తీసి పక్కన పెడతారు. అందరూ తీశారు. చిన్నాయన తీయలేదు. పిల్ల అవ్వ నెయ్యి గిన్నె పట్టుకొని వచ్చి, వంగి ఆయన ముఖంలోకి చూసింది.

"ఏం కొడుకా, నెత్తికేమన్న దెబ్బ తాకిందా?"

"లేదవ్వా. సర్ది చేసింది."

"గీ ఎండకాలంలనా?" అంటూ ఆ ముసలామె ఎడమచేత్తో రుమాలు పైకెత్తింది. వంటింటి గడప దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ముసలామె రుమాలును మళ్ళీ జాగ్రత్తగా, పాల కుండ మీద మూత పెట్టినట్టు పెట్టేసి, "తిను కొడుకా, సల్లారిపోతది" అంది. చిన్నాయన తిన్నాడు. మారు పెట్టించుకొని మరీ తిన్నాడు. దేశ్‌ముఖు బిడ్డ విస్తరి ముందు నుంచి లేచిపోయాడని అనిపించుకోవడం ఆయనకు ఇష్టం లేదు. వాళ్ళ దగ్గర నుంచి కబురు రాలేదు.

తర్వాత మూడేళ్ళు ఎక్కడికి పిలిచినా పోలేదు.

మా ఊరి సాలెవాళ్ళలో సగం మంది అప్పటికే మగ్గాలు అటక మీద పెట్టి బొంబాయి మిల్లులకు పోయారు. వాళ్ళలో అంజయ్య అనేవాడు దసరాకు వచ్చి గడికి మొక్కడానికి వచ్చాడు. మాటల్లో వాడు చెప్పాడు. వాడి మిల్లు సేటు తమ్ముడికి నెత్తి మీద వెంట్రుకలు లేకపోతే, విలాయతులో చదివి వచ్చిన డాక్టరు ఒకాయన వెనక వెంట్రుకలు తీసి ముందు నాటాడట. అంజయ్య కళ్ళారా చూశాడట.

"మేం తెగిన పోగు అతుకుతం గద దొరా, గాయన వెంట్రుకలు అతుకుతడు."

చిన్నాయన దువ్వెన గీయడం ఆపేశాడు.

చిన్నాయన తల్లి, మా అవ్వ, ఖర్చులకు ఇచ్చింది. ఊళ్ళో కళ్ళ పరీక్షకని చెప్పాం. డాక్టరు ఇంగ్లీషు తప్ప మాట్లాడడని అంజయ్య అనడంతో చిన్నాయన నన్ను వెంట తీసుకుపోయాడు. చిన్నాయన చదువంతా ఉర్దూ. నేను అప్పటికి బీయే పూర్తి చేసి ఇంట్లో ఉన్నాను. కృష్ణ స్టేషన్‌లో రైలెక్కి బొంబాయి పోయాం. హోటల్లో ఉంటే తెలిసినవాళ్ళ కంట పడతామని అంజయ్య గదిలోనే దిగాం. ఆ గదిలో ఏడుగురు మిల్లు పనివాళ్ళు వంతుల ప్రకారం నిద్రపోయేవారు. ఒకడు లేస్తే అదే చాప మీద ఇంకొకడు పడుకునేవాడు. ఆ చాప మీద కిషన్‌రావు దేశ్‌ముఖ్ కొడుకు, మనవడు కూర్చున్నాం.

డాక్టరు సన్నటి మనిషి. చిన్నాయన తలను గుమ్మడికాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, జరగబోయేది ఒక్కొక్కటే నాకు చెప్పాడు. నేను తెలుగులో చెప్పుకొచ్చాను. వెనక జుట్టు జన్మంతా రాలని జాతి, ఎక్కడ నాటినా దాని గుణం పోదు. చిన్న గొట్టంలాంటి కత్తితో వెనక నుంచి జొన్నగింజంత ముక్కలు తీసి, ముందు అంతే చిల్లులు చేసి వాటిలో కూర్చుతాడు. మూడో రోజుకు వాపు నుదుటి మీది నుంచి కళ్ళ మీదికి దిగుతుంది. పెచ్చులు కడతాయి, గోకకూడదు. మూడు వారాలకు నాటిన వెంట్రుకలన్నీ రాలిపోతాయి.

"రాలిపోతయా?" చిన్నాయన కుర్చీలోంచి లేచాడు. "మరెందుకు నాటుడు?"

"వేర్లు లోపలుంటయట. నాలుగు నెలలకు మొలుస్తయట. ఏడాది పడ్తదంట."

"అంటే వెనక మడిల నారు వీకి ముంగట నాటుడు." కాసేపు ఆలోచించాడు. "గుండు కొట్టిస్తే?"

అడిగాను. మామూలు జుట్టులాగే మళ్ళీ వస్తుందని డాక్టరు అన్నాడు. ఇంకొక మాట కూడా అన్నాడు. తీసిన చోట తెల్లటి మచ్చలు మిగిలిపోతాయి, చుట్టూ ఉన్న జుట్టు వాటిని కప్పుతుంది. అదీ చెప్పాను.

"వెనక ఎవడు చూస్తడ్రా? మనిషికి ముఖం ముంగట ఉంటది" అన్నాడు చిన్నాయన.

నన్ను తలుపు దగ్గర నిలబడనిచ్చారు. సూదులు గుచ్చేటప్పుడు బల్ల అంచు పట్టుకొని "కానియ్, కానియ్" అన్నాడు. డాక్టరుకు తెలుగు రాదు. తర్వాత ఆ గొట్టపు కత్తిని నెత్తిలో దింపి తిప్పుతుంటే కరకరమని చప్పుడయింది. పచ్చి మామిడికాయలో కత్తి దిగినట్టు. నెత్తురు మెడ మీదుగా గుడ్డల్లోకి కారింది. తీసిన ముక్కలను ఉప్పునీళ్ళ గిన్నెలో వేస్తుంటే, ఒక్కొక్క ముక్క తన వెంట్రుకల కుచ్చుతో తేలుతూ ఉంది. మా తాత నుంచి వచ్చిన జుట్టు ఒక గిన్నెలో తేలడం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

కట్టు కట్టించుకొని గదికి వస్తే అంజయ్య చేతులు జోడించి, "ఈడ గూడ రుమాలేనా దొరా?" అన్నాడు. అందరూ నవ్వారు. చిన్నాయన కూడా నవ్వాడు. ఊళ్ళో అయితే అంజయ్యకు ఆ మాట నోటికి వచ్చేదే కాదు.

మూడో రోజు డాక్టరు చెప్పినట్టే ముఖం ఉబ్బింది. కళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. ముక్కుకు ఇటూ అటూ రెండు గీతలు మాత్రం మిగిలాయి. పడుకుంటే నాటినవి ఒరుసుకుంటాయని గోడకు జబ్బ ఆనించి కూర్చునే నిద్రపోవాలి. దురద వస్తే గోకకుండా తన చేతులు తువ్వాలతో కట్టెయ్యమని నాతో కట్టించుకునేవాడు. నెత్తి నుంచి ఒక రకమైన వాసన వచ్చేది. ఈగలను నేను విసనకర్రతో తోలేవాణ్ణి. కళ్ళు కనబడక అన్నం కలుపుకోలేకపోతుంటే, ఆ ఏడుగురికీ వండిపెట్టే అంజయ్య భార్య ముద్దలు చేసి నోట్లో పెట్టింది. మా వంశంలో ఎవడూ సాలెవాళ్ళ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టలేదు.

"నువ్వెవరో నాకు కనవడ్తలేదు, గందుకే తింటున్న" అన్నాడు చిన్నాయన.

"నాకు మీరు కనవడ్తున్నరు గద అయ్యా, గది చాలు" అని ఆమె ఇంకొక ముద్ద పెట్టింది.

పెచ్చులు రాలాయి. మూడు వారాలకు, చెప్పినట్టే, నాటిన వెంట్రుకలు దువ్వెనకు వచ్చేశాయి. ముందే తెలిసినా చిన్నాయన ఆ దువ్వెనను అరచేతిలో పెట్టుకొని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పోయినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే, ఇంకా కాస్త ఎర్రటి నెత్తితో ఊరికి వచ్చాడు. "కండ్లు మంచిగయినయా దొరా?" అని ఊరంతా అడిగింది.

నాలుగో నెలలో మొలకలు కనబడ్డాయి. పొద్దున్నే నన్ను కిటికీ దగ్గరికి పిలిచి తల వంచి "చూడు, చూడు" అనేవాడు. చూశాను. గోడలకు సున్నం వేసే కుంచెలో ఉన్నట్టు కుచ్చులు కుచ్చులుగా వరసల్లో వచ్చింది. మరుసటి ఏడు ఇంకోసారి బొంబాయి పోయి సందులు పూడ్పించుకొని వచ్చాం. నూనె రాసి ఎడమ నుంచి కుడికి దువ్వితే, నాలుగడుగుల దూరం నుంచి చూసేవాడికి అది జుట్టే. ఆయన ఎవరినీ నాలుగడుగుల కన్నా దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

ఇదంతా కురుమూర్తి స్వామి చేశాడని అవ్వ నమ్మకం. ఖర్చులకు ఇచ్చింది తనే అయినా సరే. కొడుకు నెత్తిన వెంట్రుకలు మొలిస్తే తలనీలాలు ఇప్పిస్తానని స్వామికి మొక్కుకుందట.

"వస్తే ఆయనకే ఇస్తనని మొక్కిందట! మరి నాకేముంటది?" అని చిన్నాయన దూలాలు దద్దరిల్లేలా అరిచాడు.

"దేవునితోని పరాచికాలు వద్దు కొడుకా. పెండ్లయినంక ఇద్దువు గాని" అంది అవ్వ.

ఆ ఏడే హుజూర్‌నగర్ దిక్కు నుంచి సంబంధం వచ్చింది. మంచి కుటుంబం, దూరం. చిన్నాయన పాత తల సంగతి అంత దూరం పోలేదు. అప్పటికి ఆయనకు ముప్పై ఎనిమిది. పిల్లకు ఇరవై ఆరు దాటాయి. ఆమె తండ్రి మాటకు నిలబడే మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. భోజనాల దగ్గర చిన్నాయన అందరికన్నా ముందు రుమాలు తీసి, అందరికీ కనబడేలా తొడ పక్కన పెట్టుకున్నాడు. పిల్ల తండ్రి నవ్వి, "మా దిక్కు ఈ వయసుకు అందరికీ పల్చబడతది. మీకు నయముంది" అన్నాడు. ఆ రోజు చిన్నాయన నవ్వినట్టు ఇంకెప్పుడూ నవ్వగా నేను చూడలేదు. దవడ పళ్ళన్నీ కనబడ్డాయి. తాంబూలాలు మార్చుకున్నారు. పిల్ల కూడా ఒప్పుకుందనీ, తలుపు సందులోంచి చూసి నవ్విందనీ ఆయన నాతో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

పెళ్ళికి నెలన్నర ఉందనగా అవ్వ చనిపోయింది.

మాలో తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు కర్మ చేస్తారు. హుజూర్‌నగర్ నుంచి కబురు వచ్చింది: ఏడాది ఆగుతాం, ఫికర్ పడొద్దు, పదో రోజుకు బట్టలు తెస్తున్నాం. చిన్నాయన నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

"గుండు కొట్టిస్తే మల్ల వస్తదన్నడు గద డాక్టరు?"

"వస్తదన్నడు."

"ఖరారుగ అన్నడా?"

"ఖరారుగనే."

ఆయన స్థిమితపడ్డాడు. తన తల వెనక ఎలా ఉందో ఆయన ఎప్పుడూ చూసుకోలేదు. రెండు అద్దాలు పెట్టుకొని చూసుకోవాలని ఎవరికి తోస్తుంది? నేను చూశాను. బొంబాయి గదిలో వారాల తరబడి మందు రాసింది నేనే. ఆ పది రోజుల్లో ఒక్కసారైనా ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఏం చేసేవాడు? గుండు తప్పేది కాదు.

పదో రోజు వాగు ఒడ్డున సాయిలు కత్తి పట్టాడు. ముందువైపు కుచ్చుల మీద కత్తి ఎగిరెగిరి పడింది. వాడు వెనక్కు వచ్చి రెండు గీతలు గీసి ఆగిపోయాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత మా ముందు నోరు తెరిచాడు.

"దొరా, వెనక జొన్నలు చల్లినట్టు తెల్లగున్నయ్."

"నోరు మూసుకొని పని చెయ్" అన్నాడు బాపు.

చిన్నాయన చెయ్యి వెనక్కు పెట్టి తడుముకున్నాడు. వేళ్ళు ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పోయాయి. నా వైపు తిరిగాడు. "ఎట్లున్నయ్ రా?"

"ఏం కనవడ్తలేవు చిన్నాయనా."

"తువ్వాల కప్పుకుంట."

"నెత్తి మీద గుడ్డతోని ఎవడన్న కర్మ చేస్తడా?" అన్నాడు బాపు. చిన్నాయన తువ్వాల నా చేతికి ఇచ్చేశాడు.

పిండాలు అయ్యాయి. గడి వాకిట్లో చిన్నాయనను పీట మీద కూర్చోబెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. కౌలుదార్లు, సాలెవాళ్ళు, మంగళ్ళు, నిన్నమొన్నటి దాకా మా ముందు చెప్పులు విప్పినవాళ్ళందరూ. కొందరు ఇప్పుడు చెప్పులతోనే నిలబడ్డారు. కర్మ చేసినవాడికి వియ్యాలవారు కొత్త బట్టలు పెట్టి, వెనక నిలబడి రుమాలు చుట్టాలి. హుజూర్‌నగర్ పెద్దమనిషి ధోవతి, జరీ రుమాలు తెచ్చాడు. ధోవతి ఒళ్ళో పెట్టాడు. రుమాలు మడత విప్పి, చిన్నాయన వెనక్కు వెళ్ళి, ఒక చుట్టు చుట్టాడు. రెండో చుట్టుకు చేతులు లేవలేదు.

"బావగారూ" అన్నాడు మా బాపుతో, మెల్లగానే. "ఇవేంది? తెల్లగ?"

వాకిలి అంతా మెడలు చాచింది.

చిన్నాయన తల తిప్పలేదు. తిప్పితే రుమాలు జారుతుంది. కళ్ళు మాత్రం నా వైపు తిప్పాడు. "నువ్వు చెప్పురా. నువ్వున్నవు గద. చెప్పు."

నేను బాపు వైపు చూశాను. బాపు వెన్ను ఇంకొంచెం నిటారయింది.

"అవి పుట్టుకతోని వచ్చినయ్" అన్నాడు బాపు, అందరికీ వినబడేలా. "మా వంశంల ఉన్నయే."

అలా అంటే మాట అక్కడితో ఆగిపోతుందని బాపు అనుకున్నాడు. మా వంశం అన్న మాట విని ఎవడైనా నోరెత్తిన రోజులు ఆయన చూడలేదు. హుజూర్‌నగర్ మనిషికి ఆ మాటలో వినబడింది ఒక్కటే: బొల్లి, అది కూడా తరతరాలది. ఆయన చేతిలో మిగిలిన రుమాలును చిన్నాయన భుజం మీదుగా ముందుకు తెచ్చి, ఆయన చేతిలోనే పెట్టాడు.

"తమరే చుట్టుకోండి" అన్నాడు. భోజనానికి కూర్చోలేదు. ఎద్దులకు నీళ్ళు కూడా పెట్టనివ్వకుండా బండి కట్టించాడు.

జనం పోయాక చిన్నాయన బాపు ముందుకు వచ్చాడు. ఒక చుట్టు రుమాలు నెత్తి మీద అలాగే ఉంది, మిగతాది మెడ మీద వేలాడుతోంది.

"పుట్టుకతోని వచ్చినయా అన్నా? ఒక్క మాట చెప్తే అయిపోతుండె."

"ఏం చెప్పాలె? దేశ్‌ముఖు బిడ్డ సాలెవాని గదిల కూసొని నెత్తి కుట్టిచ్చుకొచ్చిండని చెప్పాల్నా? గంతమంది ముంగట?"

"చెప్తే నాకు పెండ్లయితుండె."

బాపు చేసింది తప్పని నేను రాయలేను. రోగం దైవం ఇచ్చేది, దానికి ఎవడూ నవ్వడు. బొంబాయి సంగతి తెలిస్తే మక్తల్ నుంచి రాయచూరు దాకా ప్రతి చాయ దుకాణంలో మా తలల గురించే మాట్లాడుకునేవారు. ఆ వాకిట్లో, అంతమంది ముందు, ఈ రోజు అడిగినా నా నోరు లేస్తుందని అనుకోను.

చిన్నాయన తానే హుజూర్‌నగర్ పోతానన్నాడు. డాక్టరు ఇచ్చిన ఇంగ్లీషు కాగితం తీసుకొని నన్ను వెంట రమ్మన్నాడు. "నువ్వు చదివి చెప్తే నమ్ముతరు. బీయే చదివినవు." బాపు వద్దన్నాడు. నేను పోలేదు. ఆయన ఒక్కడే బస్సులు మారి పోయి, నాలుగో రోజు వచ్చాడు. అక్కడేం జరిగిందో నాకు తర్వాత ఎప్పుడో చెప్పాడు. ఆ పెద్దమనిషి మర్యాదగా మంచమేసి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, అంతా విన్నాడట. ఆ కాగితం చదివేవాడు ఆ ఇంట్లో లేడట. చివరికి, "వీకి నాటడానికి ఇదేమన్న వరి నారా బాబూ?" అన్నాడట. "మీరన్నది నిజమనుకుందాం. అప్పుడు మీ అన్నగారు అంతమందిల అబద్ధమాడినట్టే గద. ఆయన మాట నిజమైతే రోగం, మీ మాట నిజమైతే అబద్ధాలాడే ఇల్లు. నా బిడ్డను దేనికిచ్చేది?"

చిన్నాయన మజ్జిగ తాగేసి లేచి వచ్చాడట.

జుట్టు మూడు నెలలకు మళ్ళీ వచ్చింది, డాక్టరు చెప్పినట్టే, ఒక్క కుచ్చు కూడా తక్కువ కాకుండా. పిల్లకు ఎండాకాలంలో కోదాడ పక్కన పెళ్ళయిందని తెలిసింది. చిన్నాయన ఇంట్లో బాపుతో మాట్లాడటం మానేశాడు. కొన్నాళ్ళకు తన పెట్టె తీసుకొని మహబూబ్‌నగర్ పోయి, కిరాయికి ఒక గది పట్టి, కచేరీ ముందు ఉర్దూలో, తెలుగులో దరఖాస్తులు రాసి బతికాడు. నేను పనుల మీద పోయినప్పుడు చూసేవాణ్ణి. కచేరీ ప్రహరీ గోడకు వీపు పూర్తిగా ఆనించి, తలను కూడా గోడకు తగిలించి కూర్చునేవాడు. రాయడానికి వంగాల్సి వస్తే కాగితం ఉన్న పలకనే ముఖం దాకా ఎత్తుకొని రాసేవాడు. బస్సులో చివరి సీటు దొరక్కపోతే దిగిపోయేవాడు. క్షవరం దుకాణానికి పోయేవాడు కాదు, వెనకంతా పెరిగి చొక్కా కాలరు మీద పడుతుండేది. దువ్వెన గీయడం మాత్రం మానలేదు. "జర ఆగుండ్రి" అన్న మాట మళ్ళీ వినలేదు.

బాపు అన్న మాట మా ఇంటిని పట్టుకుంది. నాకు పిల్లనిద్దామని వచ్చిన మొదటివాళ్ళు నన్ను వెలుతురు వైపు ముఖం పెట్టి కూర్చోమన్నారు. వాళ్ళ ముసలాయన నా వెనకగా తిరిగి, నా జుట్టు పాయలు తీసి చూశాడు. తర్వాత వచ్చినవాళ్ళు చొక్కా కూడా విప్పమన్నారు. ఒక పెండ్లిలో కలిసినప్పుడు చిన్నాయనకు ఈ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు నా తల వైపు చూశాడు.

"చెప్పకపోయినవా, బొంబాయి పోయింది చిన్నాయన అని?" అన్నాడు.

"చెప్పిన. నమ్మలేదు."

"నమ్మరు" అన్నాడు. అందులో సంతోషమూ లేదు, జాలీ లేదు.

పోయిన నెల కచేరీ ముందే, గోడకు ఆనుకొని ఉన్నవాడు ఉన్నట్టే పోయాడట. దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చినవాడు కాసేపు పిలిచి, నిద్రపోతున్నాడనుకొని పక్కవాడి దగ్గరికి పోయాడట. కబురు అందుకొని నేను పోయాను. బాపుకు కాళ్ళు లేవవు. స్నానం చేయించేటప్పుడు నీళ్ళు నేనే పోశాను. ముందువైపు జుట్టు ఒత్తుగా, నల్లగా ఉంది. ఆయన వయసులో మా వంశంలో ఎవరికీ అంత జుట్టు లేదు. కొడుకులు లేరు కాబట్టి కర్మ నేను చేశాను.

గది ఖాళీ చేసి ఇవ్వమన్నారు. పెట్టెలో రెండు ధోవతులు, ఇంగ్లీషు కాగితం, అడుగున ఆ హుజూర్‌నగర్ జరీ రుమాలు ఉన్నాయి. పాత జరీ కాల్చి వెండి తీసేవాడొకడు బజారులో ఉంటే రుమాలు వాడికిచ్చాను. గది బయట గోడకు ఆనించి ఉన్న ఆయన సైకిలు కచేరీ జవాను కొనుక్కున్నాడు.